కొంగు లేని చీర

మొన్నొక పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకొని ఫోను తెరిస్తే, హిందూపురంలో మేముండే వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో కనిపించింది. మూతబడిన అంగడి మెట్ల మీద బడి యూనిఫారాల్లో ముగ్గురు మగపిల్లలు కూర్చొని ఉన్నారు, మీసాలు ఇంకా సరిగా మొలవని వయసు. ‘వీళ్లెవరో ఎవరికైనా తెలుసా? బడి టైములో రోజూ ఇక్కడే ఉంటున్నారు, అందరూ జాగ్రత్త’ అని కింద రాశారు. దాని కింద ఒకాయన తన బండిలో పెట్రోలు తగ్గిపోతోందన్నాడు, ఒకావిడ వరండాలో చెప్పులు మాయమయ్యాయంది, ఇంకొకరు అందరం కలిసి కెమెరా పెట్టిద్దామన్నారు. ఆ పిల్లల్ని పలకరించి చూశామని మాత్రం ఒక్కరూ రాయలేదు. కాఫీ చల్లారిపోయింది గానీ నేను ఫోను కింద పెట్టలేకపోయాను. ఆ ముగ్గురిలో నడిమివాడు మోకాళ్ల మీద చేతులు వేసుకొని తలొంచుకున్న తీరు అచ్చం మా అన్నదే.

మాది ధర్మవరం. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో నేతగాళ్ల వీధుల్లో కోడి కూయకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. మాదీ పెదనాయనదీ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇండ్లు. నాయన నేస్తుంటే పక్కన కూర్చొని అంచు పోగులు అందించడం మా అన్న పని. పని ఒక కొలిక్కి వచ్చేదాకా లేవడానికి లేదు కాబట్టి, వాడు ముఖం కడుక్కొని సంచి తగిలించుకొని పరిగెత్తేసరికి బడిలో ప్రార్థన అయిపోయి ఉండేది. ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు బయట నిలబెట్టడం అక్కడి అలవాటు. అట్లా నిలబడేవాళ్లంతా మాలాంటి ఇండ్ల పిల్లలే. అన్నతోబాటు బస్టాండు హోటల్లో పనిచేసే ఆయన కొడుకు ఒకడు, పూలమ్మే ఆమె కొడుకు ఇంకొకడు. కొన్నాళ్లు ఎండలో నిలబడ్డారు పాపం. తర్వాత నిలబడటం మానేసి నడవడం మొదలుపెట్టారు. బయట నిలబెట్టిన పిల్లవాడికి బడికంటే వీధే దగ్గర కదా.

రైల్వే స్టేషనుకు పోయే దోవలో ఒక క్యారంబోర్డు గది ఉండేది. దాన్ని నడిపే ఆయన పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, పిల్లలంతా మామ అనేవాళ్లు. తెల్లటి చొక్కా, నున్నగా దువ్విన తల, ఎప్పుడూ నవ్వే ముఖం. బడికెందుకు పోలేదని ఎవరినీ అడిగేవాడు కాదు. టీ తెప్పించి ఇచ్చేవాడు. ఆటలో బాగా కొట్టినవాణ్ణి భుజం తట్టేవాడు. ఇంట్లోగానీ బడిలోగానీ ఒక్క మంచి మాట వినని పిల్లలకు అది ఎంత రుచిగా ఉంటుందో నేను వేరే చెప్పాలా? ఆటల మధ్యలో ఆయన ఊరికే మాటలు కదిపేవాడు. ఎవరింట్లో మగ్గం మీంచి చీర దిగబోతోంది, ఎవరు ఏ ఊరికి పోతున్నారు, ఏ ఇంటికి ఎవరు కాపలా అని. ఒకసారి అన్నను పిలవమని అమ్మ నన్ను పంపితే, నా చేతిలో పల్లీల చిక్కీ ముక్క పెట్టి, “మీ పెదనాయన మగ్గమ్మీద ఇప్పుడేం రంగు పాపా?” అని అడిగాడు. నాకు తెల్దన్నాను. అంత పెద్దమనిషికి పరాయి మగ్గం మీది రంగుతో ఏం పనో నాకు అంతుబట్టలేదు. చిక్కీ మాత్రం తినేశాను.

ఆ తర్వాతే మా వీధిలో జరీ చుట్టిన కండెలు మాయమవడం మొదలైంది. ఇవాళ ఒక ఇంట్లో, పది రోజులకు ఇంకో ఇంట్లో. మొదట ఎలుకలన్నారు, తర్వాత మతిమరుపన్నారు, చివరికి అందరి కళ్లూ బడి ఎగ్గొట్టి తిరిగే పిల్లల మీదికి మళ్లాయి. అన్న వీధిలో నడుస్తుంటే గడపల్లో మాటలు ఆగిపోయేవి. బడిలో ఎవరి పెన్ను పోయినా ముందుగా వాడి సంచే బోర్లించేవాళ్లు. బయటివాళ్ల సంగతి సరే, మా ఇంట్లో జరిగిందే నాకు ఎక్కువగా గుర్తుంది. నాయన జరీ పెట్టెను తీసుకొచ్చి అవ్వ మంచం కిందికి తోశాడు, కారణం చెప్పలేదు. అన్న చొక్కా ఉతికేముందు అమ్మ జేబులు తిరగేసి వాసన చూసేది. వాడు నవ్వితే ఎందుకు నవ్వుతున్నాడని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడని. ఒకే కంచంలో తిని పెరిగిన నేను కూడా వాడు పక్కనుంచి పోతుంటే వాడి చేతుల వంక చూడటం నేర్చుకున్నాను. అనుమానం ఇంట్లోకి రావడానికి తలుపు తీయనక్కరలేదు. వచ్చాక పంపడానికి మాత్రం ఎవరికీ చేతకాదు.

అట్లాంటి రోజుల్లో పెదనాయన వాళ్లంతా బంధువుల పెండ్లికని పెనుకొండకు పోయారు. సాయంత్రం తిరిగొచ్చి దీపం పెట్టబోయిన పెద్దమ్మ వేసిన కేక వీధంతా వినబడింది. మగ్గం మీది చీరను ఎవరో కోసుకుపోయారు. వంకాయరంగు ఒళ్లు, మామిడిపిందెల అంచు. చీరంతా నేయడం అయిపోయి కొంగు ఒక్కటే మిగిలి ఉన్న పెండ్లి పట్టుచీర. కత్తెరతో అడ్డంగా కోసిన చోట పోగులన్నీ తెగిన జుట్టులాగా వేలాడుతున్నాయి. పెదనాయన ఆ పోగుల్ని చేతిలోకి తీసుకొని కూర్చుండిపోయాడు. పెద్దమ్మ మాత్రం మనిషి పోయినట్టే గుండెలు బాదుకుంది.

మా అరుగు మీదే పెద్దలు కూడారు. పెరటి తలుపు పగలగొట్టలేదు, లోపలి గొళ్లేన్ని సందులోంచి పుల్లతో ఎత్తి తీశారు. ఆ కిటుకు మా రెండిళ్లవాళ్లకే తెలుసు.

“బయటోనికి ఎట్ల తెలుస్తాదప్పా ఆ గొళ్లెం సంగతి? ఇంట్లో పుట్టినోడే చేసినాడు,” అన్నాడు పెదనాయన, అన్న వైపు చూడకుండానే.

నాయన అన్న ముందు నిలబడి, “నేను కాదని చెప్పురా. ఒక్క మాట చెప్పు, సాలు,” అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా వినడం నాకు అదే మొదలు. అన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు గానీ నోరు విప్పలేదు. నాయన కొడతాడనుకున్నాను. కొట్టలేదు, తలొంచుకొని లోపలికి పోయి మగ్గం గుంతలో ఊరికే కూర్చున్నాడు. కొట్టి ఉంటేనే బాగుండేదని తర్వాత అమ్మ చాలాసార్లు అంది.

మర్నాడు పొద్దున అన్న సంచి తగిలించుకొని బయల్దేరాడు. కాసేపటికే బడికి రాలేదని కబురొచ్చింది. ఇంకేముంది, దొంగే కాబట్టి పారిపోయాడని వీధంతా తేల్చేసింది. మా అవ్వ మాత్రం చెంగు దోపుకొని, నా చెయ్యి పట్టుకొని నేరుగా స్టేషనుకు నడిచింది. అన్న అక్కడే ఉన్నాడు, ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద. అవ్వ పోయి పక్కన కూర్చుంది.

“యాడికి పోతాండావు నాయనా?”

“హిందూపురానికి.”

“సరే పద. మేమూ వస్తాం.”

ఎందుకని అడగలేదు. అన్న అప్పుడు మొదటిసారి తలెత్తి ఆమె ముఖం చూశాడు. ప్యాసింజరు బండి వచ్చింది, ఎక్కి కూర్చున్నాం. ఆ బండి ఎంత నింపాదిగా నడిచేదో మీలో ఎక్కినవాళ్లకు తెలుసు. పల్లీల బుట్టలవాళ్లు ఎక్కి దిగుతుంటే, పిల్లలు ఏడుస్తుంటే, ఆ గోలలో అన్న మెల్లగా మాటలు మొదలుపెట్టాడు. ఇన్నేండ్ల తర్వాత ఇది బయట పెడుతున్నానంటే వాడు ఒప్పుకున్నందుకే. “రాయిమే, ఇంక నన్నెవురేమంటారు,” అన్నాడు మొన్న ఫోనులో.

“మామ నన్నొకసారి హిందూపురానికి తోడు పిల్చుకొని పోయినాడవ్వా. సంచి నాతోనే మోయించినాడు. ఒక పట్టుచీరల అంగట్లో ఇచ్చొచ్చినాం. ఈ చీర గూడా ఆడికే పోయుంటాదని చూద్దామని పోతాండా.”

“సంచిలో ఏముండాదో తెల్సునా నీకు?”

“తెల్దు.” చూపు కిటికీ వైపు తిప్పి అన్నాడు, “కొంచెం తెల్సు.”

“గొళ్లెం సంగతి?”

“నవ్వుకుంటా అడిగినాడు. నవ్వుకుంటానే చెప్పినా. పెండ్లికి పోతాండారని గూడా నేనే చెప్పినా. రాత్రి అందరిముందరా చెప్తే సంచి సంగతి గూడా చెప్పాల్నే అవ్వా. ఎవురు నమ్ముతారు నన్ను?”

కిటికీలో పెనుకొండ కోట కొండ మెల్లగా తిరుగుతోంది. అవ్వ వాడి తల మీద చెయ్యి పెట్టి, “నాకు చెప్పినావు, సాలు. ఇంకెవురికీ చెప్పాకు,” అంది. నా వైపు తిరిగి, “నువ్వు గూడామే,” అంది.

హిందూపురం బజారులో ఒక ఇరుకు సందులో ఉండేది ఆ అంగడి. అవ్వ చెప్పులు బయట విడిచి, పరుపు మీద కూర్చొని, మనవరాలి పెండ్లికి చీర కావాలంది. అంగడాయన చీరలు పరుస్తూనే అన్నను ఎగాదిగా చూశాడు.

“ఈ పిల్లోన్ని యాడో చూసినట్లుండాదే?”

అవ్వ చీర అంచు నలుపుతూ తొణక్కుండా, “నా మనమడే. నాకు కండ్లు సరిగా ఆనవు, దోవ చూపిస్తాడని పిల్చుకొస్తి,” అని, గొంతు తగ్గించి, “ఇంత మంచి చీరలకు మాతాన దుడ్లు యాడివప్పా? కొంగు లేందో, తప్పు పడిందో ఏమన్నా ఉంటే చూపి. కట్టుకునేది మాయట్లా పేదోళ్లే గదా,” అంది.

ఆయన అవ్వ ముడతల ముఖం చూశాడు, నన్ను చూశాడు. లోపలికి పోయి కాగితంలో చుట్టిన మూట తెచ్చి విప్పాడు. వంకాయరంగు, మామిడిపిందెల అంచు. అన్న గోడకు ఆనుకున్నాడు. అవ్వ ఆ చీరను రెండు చేతులతో ఎత్తి ఒళ్లో పెట్టుకొని, కోసిన అంచును వేళ్లతో తడిమి, అప్పుడు గొంతు పెంచింది.

“ఇది నా పెద్దకొడుకు నేసిన చీరప్పా. మగ్గమ్మీద కోసుకొచ్చి నీకమ్మినారు. పోలీసోళ్లను పిలుస్తావో, నా కొడుకునే పిలుస్తావో నీ ఇష్టం. నేనైతే ఈడనుంచి లేచేది లేదు.”

సందులో జనం కూడారు. పక్క అంగళ్లవాళ్లు తొంగిచూశారు. ఆయన మొదట బెదిరించాడు, తర్వాత బతిమాలాడు, చివరికి ధర్మవరం క్యారంబోర్డు మనిషే తెచ్చి ఇచ్చాడని అందరిముందూ ఒప్పుకొని, నాకెందుకొచ్చిన రచ్చ అని చీర తీసుకుపొమ్మన్నాడు. తిరుగు బండిలో అవ్వ దాన్ని బిడ్డలా ఒళ్లోనే పెట్టుకొని కునికింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. పెదనాయన చీరను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. ఇక అన్నను దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను. ఆయన అవ్వ వైపు తిరిగి, “ఆ అంగడి సంగతి వీనికెట్ల తెలిసింది?” అన్నాడు.

“నేనే కనుక్కొంటి,” అంది అవ్వ. ఆమె అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

అంగడాయన చెప్పింది అవ్వ నోట విని మగవాళ్లు క్యారంబోర్డు గదికి పరిగెత్తితే తాళం వేలాడుతోంది. ఆ మనిషి మళ్లీ మా ఊళ్లో ఎవరికీ కనబడలేదు. ఇంకో మాట చెప్పాలి. కోసిన చీరకు మళ్లీ కొంగు నేయడం కుదరదు. పెద్దమ్మ దాన్ని ముక్కలు చేసి ఆడపిల్లలకు రవికెలు కుట్టించింది, నాకు కూడా ఒకటి ఇచ్చింది. అన్నను ఎవరూ క్షమించమని అడగలేదు. నాయన వాణ్ణి వెంటబెట్టుకొని బడికి పోతే, వీధి పెద్దలెవరైనా వీడికి పూచీ ఉంటేనే లోపలికి రానిస్తామన్నారు. అన్న గేటు దగ్గరే ఆగి, “వద్దులే నాయనా, లోపలికి రానిచ్చినా నా సంచి వెదకడం మానరు,” అన్నాడట. పదో తరగతి పరీక్ష రాయలేదు. హిందూపురం పక్కనున్న పరిగిలో మా మేనమామ దగ్గరికి పోయి మల్బరీ తోట పనిలో కుదిరాడు. పట్టుపురుగుల్ని చంటిపిల్లల్లా సాకుతాడని వాడికి చుట్టుపక్కల మంచి పేరు. ఇప్పుడు మనవళ్లున్నారు, వాళ్లలో ఒకడు హిందూపురంలో కాలేజీకి పోతున్నాడు.

ఆ మధ్య ధర్మవరంలో పెదనాయన మనవరాలి కొడుకు నామకరణానికి అందరం కలిశాం. అవ్వ లేదు, నాయన లేడు, పెదనాయనా లేడు. మా వీధిలో చేతి మగ్గాలు నాలుగైదే మిగిలాయి, మిగతా ఇండ్లలో కరెంటు మగ్గాలు ఊపిరాడకుండా కొట్టుకుంటున్నాయి. స్టేషను దోవలో ఆ గది ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి వెలిసింది. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఇప్పుడు గేటు బయట నిలబెట్టరట, ఇంటికి మెసేజి పంపుతారట. భోజనాలయ్యాక అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి పెద్దమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పెద్దమ్మకు తొంభై దగ్గర పడింది, మనుషుల పేర్లు కూడా సరిగా గుర్తుండటం లేదు, నన్నే రెండుసార్లు ఎవరమ్మా నువ్వని అడిగింది. అన్నతో నవ్వుతూ, బాగుండావా నాయనా అంటూనే, ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ఒళ్లోని సంచి మీదికి పోయింది. అన్న చూశాడు. మాట ఆపకుండానే, నవ్వు చెదరకుండానే, కుర్చీని రవంత దూరంగా జరుపుకొని కూర్చున్నాడు. నేను వెళ్లి ఆ మధ్యలో కూర్చుందామనుకున్నాను గానీ ఉన్నచోటే ఉండిపోయాను. అవ్వ ఉండి ఉంటే ఆ కుర్చీని మళ్లీ దగ్గరికి లాగేది. ఇప్పుడు మా ఇండ్లలో అట్లా లాగేవాళ్లు ఎవరూ లేరు.