బుధవారం సైరన్

నా చిన్నప్పుడు, ప్రమాదం దగ్గరికొస్తోందని నాకు మొదటిసారి అనిపించింది పక్కింటి బామ్మ బట్టలు తీస్తూ తీస్తూ ఆగిపోయిన ఆ క్షణంలో. ఆవిడ ప్రతి బట్టనీ దండెం దగ్గరే మడతపెట్టి, క్లిప్పులు ఏప్రాన్ జేబులో వేసుకుని, బుట్ట నిండాకే లోపలికి వెళ్లే మనిషి. ఆ రోజు ఒక దుప్పటిని సగం తీసి, మిగతా సగం దండెం మీదే వదిలేసి, పడమటి వైపు చూస్తూ నిలబడిపోయింది. నేను మా వెనక మెట్ల మీద కూర్చుని ఆవిడనే చూస్తున్నాను. ఆకాశం నూరిన చింతకాయ పచ్చడి రంగులో ఉంది. అది నాకు వింతగా అనిపించిందే తప్ప భయం వేయలేదు. భయం వేసింది నేల మీద జీరాడుతున్న ఆ తెల్లటి దుప్పటిని చూసి. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

మేము విజయవాడ నుంచి అయోవాలోని ఆ చిన్న ఊరికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాన్న ట్రాక్టర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. నాకు ఎనిమిదేళ్లు. పక్కింటావిడ తెల్లావిడ, పెద్దావిడ, భర్త పోయి ఒంటరిగా ఉండేది. స్కూలు వంటగదిలో పనిచేసేది కాబట్టి వేసవి సెలవుల్లో ఇంట్లోనే ఉండేది. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ నా చేత బామ్మ అని పిలిపించింది. ఆవిడకి ఆ పిలుపు నచ్చింది. ఫోన్లో తన కొడుకుతో కూడా, తనకిప్పుడు ఇంకో పేరుందని గొప్పగా చెప్పుకునేది.

ఆ ఊళ్లో నెలనెలా మొదటి బుధవారం పొద్దున సుడిగాలి సైరన్ మోగించి పరీక్షించేవారు. మొదటిసారి విన్నప్పుడు అమ్మ నన్ను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. అప్పుడు బామ్మ నవ్వి, అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మోగిస్తారని చెప్పింది. ఆ తర్వాత సైరన్ మాకు అలవాటైపోయింది. బుధవారం అది మోగితే అమ్మ గడియారం సరిచేసుకునేది.

ఆ రోజు కూడా మొదటి బుధవారమే. కానీ పొద్దున సైరన్ మోగలేదు. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి బయలుదేరే వేళకి మోగింది. నేను లోపలికి పరుగెత్తి అమ్మ కొంగు పట్టుకున్నాను. అమ్మ కుక్కర్ ముందు నిలబడి ఉంది.

"పొద్దున మర్చిపోయుంటారే. ఇప్పుడు మోగిస్తున్నారు" అంది అమ్మ.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఆ మాట నాకు చాలా సబబుగా తోచింది. అంతలో వెనక తలుపు తట్టకుండానే బామ్మ లోపలికి వచ్చేసింది. ఆవిడ అలా రావడం అదే మొదటిసారి.

"బేస్‌మెంట్. ఇప్పుడే. ఇద్దరూ."

"టెస్ట్ కదండీ?" అంది అమ్మ.

"మబ్బు పట్టిన రోజు టెస్ట్ పెట్టరు. అందుకే పొద్దున మోగలేదు." ఆవిడ స్టవ్ కట్టేసింది.

"రెండు విజిల్సే వచ్చాయి, ఇంకొక్కటి..."

"ఆ పప్పు నీకోసం ఆగుతుంది. గాలి ఆగదు."

మా అద్దె ఇంటికి బేస్‌మెంట్ లేదు. బామ్మ అమ్మని ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని గడ్డి మీదుగా లాక్కెళ్లింది. వీధిలో మగవాళ్లు కొందరు పోర్చిల్లో నిలబడి, ఊరేగింపు కోసం ఎదురుచూస్తున్నట్టు ఆకాశం వైపు చూస్తున్నారు. "చచ్చేదాకా చూడండి!" అని అరిచింది బామ్మ. ఒకాయన చెయ్యి ఊపాడు. బామ్మ ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే అమ్మ వంగి చెప్పులు విప్పబోయింది. ఒకరి ఇంట్లోకి చెప్పులతో వెళ్లడం అమ్మకి చేతకాదు. బామ్మ అమ్మ రెక్క పట్టుకుని పైకి లేపింది.

"ఉంచుకో! పైకి వచ్చేసరికి ఇంటినిండా గాజు పెంకులుంటే ఎలా నడుస్తావ్?"

ఆ మాటతోనే అనుకుంటా, అమ్మకి సంగతి అర్థమైంది. ఆమె ముఖం అప్పుడు మారింది.

బేస్‌మెంట్‌లో గోడ పొడవునా అరలు, అరల నిండా సీసాలు. టొమాటోలు, బీన్స్, పీచ్ పండ్ల ముక్కలు, అన్నీ ఆవిడ చేత్తో పెట్టుకున్నవే. మెట్ల కింద ఒక పాత పరుపు పరిచి ఉంది. మేము అక్కడ ముడుచుకుని కూర్చున్నాం. నేను అమ్మ ఒళ్లో ఉన్నాను. కరెంటు పోయింది. బామ్మ టార్చిలైటు వేసి, బ్యాటరీ రేడియో గట్టిగా పెట్టింది. రేడియోలో చెప్తున్న రోడ్డు నాన్న రోజూ వచ్చే రోడ్డే. దాని నంబరు నాకు కూడా తెలుసు.

"నాన్న వచ్చేస్తారా?" అని అడిగాను.

"వచ్చేస్తారమ్మా. ఏమీ కాదు" అంది అమ్మ వెంటనే, తెలుగులో.

నేను బామ్మ వైపు తిరిగి అదే మాట ఇంగ్లీషులో అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. బహుశా అమ్మ గుండె కొట్టుకోవడం నా వీపుకి తెలుస్తూ ఉన్నందుకేమో.

"నాకు తెలియదు, హనీ" అంది బామ్మ.

అమ్మ ఒళ్లు బిగుసుకుపోవడం నాకు తెలిసింది. సంధ్యవేళ, తథాస్తు దేవతలు తిరిగే వేళ, ఒక మనిషి రోడ్డు మీద ఉన్నప్పుడు, పిల్లతో అనే మాటా అది? బామ్మకి అవేవీ తెలియవు. ఆవిడ నా మోకాలు తట్టి, తెలియనివి పక్కనపెట్టి తెలిసినవి చెప్పుకుందామంది. ఒక్కొక్కరు ఒక్కొక్కటి, గట్టిగా తెలిసినవే చెప్పాలి.

"నేల పొడిగా ఉందని నాకు తెలుసు. మీ నాన్న కార్లో రేడియో ఉందని తెలుసు. ఇప్పుడు నువ్వు చెప్పు, కిడ్డో."

"ఆ సీసాలో పీచ్‌లు ఉన్నాయి" అన్నాను.

"మూత మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాను. చల్లగా ఉంది. పైన ఏదో పెద్ద వస్తువు దొర్లుతున్న చప్పుడు. ఆవిడ ఇంకోటి చెప్పమంది. అమ్మ చేతులు చల్లగా ఉన్నాయన్నాను. ఇంకోటి చెప్పమంది. నాన్న చొక్కా నీలం రంగుదన్నాను. అలా ఎంతసేపు సాగిందో గుర్తులేదు. చెవులు దిబ్బడ వేసినట్టయింది. చెప్పడానికి ఏదో ఒకటి వెతుక్కుంటూ ఉండడం వల్ల నేను ఏడవలేదని మాత్రం గుర్తుంది.

తర్వాత బామ్మ మా అమ్మని అడిగింది. అమ్మ తన ఇంగ్లీషులో, చాలా స్థిరంగా, "నాకు తెలుసు. ఆయన వస్తారు" అంది.

బామ్మ టార్చిని సీసాల అరల వైపు తిప్పింది. తర్వాత మెల్లగా, "అది ఆశమ్మా. దాన్నీ ఉంచుదాం. కానీ వేరే అరలో పెడదాం" అంది.

అమ్మ ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత బేస్‌మెంట్‌లో ఉన్నంతసేపూ ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏ స్తోత్రం చదువుకుందో నేను తర్వాత ఎప్పుడూ అడగలేదు.

మేము పైకి వచ్చేసరికి బామ్మ వంటింటి కిటికీ పగిలిపోయి ఉంది. ఆవిడ చెప్పినట్టే నేలంతా గాజు. వీధి చివరి ఇంటికి గరాజ్ కప్పు లేదు. కరెంటు తీగలు రోడ్డు మీద పడి ఉన్నాయి. ముగ్గురం బామ్మ మెట్ల మీద కూర్చుని వీధి మలుపు వైపు చూస్తూ ఉన్నాం. చీకటి పడుతుండగా ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు. ఒక కాలికే షూ ఉంది. ఒళ్లంతా బురద. నీలం చొక్కా నీలంగా లేదు. దగ్గరికి వచ్చేదాకా ఆయన నాన్నేనని మేము పోల్చుకోలేకపోయాం.

నాన్న కూడా సైరన్ విన్నాడట. బుధవారం కదా అనుకుని కారు నడుపుతూనే ఉన్నాడట. ఎదురుగా ఒక రైతు తన ట్రక్కు అడ్డంపెట్టి, ఈయన్ని కార్లోంచి లాగి రోడ్డు పక్క గుంటలో పడుకోబెట్టాడట.

అమ్మ నాన్నని పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే బామ్మ వైపు తిరిగి, "చూశారా? వచ్చారు!" అంది. పందెం గెలిచినట్టుగా అంది. బామ్మ మెట్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే, ఏప్రాన్‌లో ముఖం పెట్టుకుని, మా అమ్మ కంటే ఎక్కువగా ఏడ్చింది. మా నాన్న కోసం ఆవిడ అంతగా ఎందుకు ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. నాన్నకీ అర్థం కాలేదు. ఆ బురద చేత్తోనే ఆవిడ భుజం తట్టాడు.

తర్వాత చాలా రోజులు అమ్మ ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. "మంచిదే, కానీ నోరు మంచిది కాదు" అనేది. ఎప్పుడు కలిసిపోయారో నాకు తెలియదు. నాన్న ఉద్యోగం ముగిసి మేము విజయవాడ తిరిగి వెళ్లిపోయాక మాత్రం, ఏటా క్రిస్మస్‌కి ఇద్దరూ కార్డులు పంపుకునేవారు. ఆవిడ పోయిందని తెలిసిన రోజు అమ్మ పొయ్యి వెలిగించలేదు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. పోయిన వారం బామ్మ మనవరాలు నన్ను సోషల్ మీడియాలో వెతికి పట్టుకుని ఫోన్ చేసింది. వాళ్ల కుటుంబ చరిత్ర రాస్తోందట. యుద్ధానికి వెళ్లిన తాతల గురించి, నార్వే నుంచి ఓడలో వచ్చిన ముత్తాతల గురించి బోలెడంత ఉందట. బామ్మ పేజీ మాత్రం నిండడం లేదట. పొలంలో పుట్టింది, పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, స్కూలు వంటగదిలో పనిచేసింది, పోయింది. "ఆవిడ జీవితంలో పెద్దగా ఏమీ జరగలేదు. నీకేమైనా గుర్తుంటే రెండు ముక్కలు రాసిపెట్టవా?" అంది. సరేనన్నాను. కానీ ఏం రాయాలో తోచలేదు. మీ బామ్మ ఒక చిన్నపిల్లతో నాకు తెలియదు అంది, అని రాయనా? అది మెచ్చుకోవాల్సిన విషయమో కాదో నాకే ఇన్నేళ్లుగా తేలలేదు.

నిన్న సాయంత్రం, పెద్దయ్యాక మళ్లీ ఆ దేశమే వచ్చి నేను ఉంటున్న ఫ్రిస్కోలో సుడిగాలి సైరన్ మోగింది. ఇక్కడి ఇళ్లకి బేస్‌మెంట్లు ఉండవు. నేను ఇద్దరు పిల్లలకీ షూస్ వేసి, సైకిల్ హెల్మెట్లు పెట్టి, మెట్ల కింది క్లాజెట్‌లో, ఆ ఇరుకు సామాన్ల గదిలో కూర్చోబెట్టాను. మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ టోల్‌వే మీద ఉన్నాడు. ఫోన్ ఎత్తడం లేదు.

"అమ్మా, నాన్న ఇంకా డ్రైవ్ చేస్తున్నాడా?" అన్నాడు మా చిన్నాడు.

"వచ్చేస్తాడు కన్నా. ఏమీ కాదు."

ఆ మాట నా నోట్లోంచి అచ్చంగా మా అమ్మ గొంతుతో వచ్చింది. మా అమ్మాయి హెల్మెట్ కిందనుంచి నన్ను చూసి, "హౌ డు యు నో, అమ్మా?" అంది. ఎదురు చెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. నాకు తెలియదు అందామంటే తథాస్తు దేవతలు గుర్తొచ్చారు. ఎం.ఎస్. చదివిన దాన్ని, అయినా గుర్తొచ్చారు. తెలుసు అందామంటే బామ్మ గుర్తొచ్చింది. పిల్లల్ని దగ్గరికి లాక్కుని ఊరుకున్నాను. ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది.

మా ఆయన ఎప్పటికో వచ్చాడు. వడగళ్లకి కారు అద్దం పగిలింది, ఫోన్ సీటు కిందకి దొర్లిపోయింది, అంతే. అప్పటికి పిల్లలు నిద్రపోయారు. నాకు నిద్ర పట్టక అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న. జరిగింది చెప్పి, బామ్మ సంగతి ఎత్తాను.

"పాపం, ఆవిడ చెప్పిందిలే అప్పుడే" అంది అమ్మ. "తర్వాత పీచ్ పండ్లతో తీపి వంటకం చేసి పట్టుకుని వచ్చింది. చిన్నప్పుడు వాళ్లూ ఇలాగే కిందికి దిగి కూర్చున్నారట. వాళ్ల నాన్న పొలంలో ఉన్నాడట. వాళ్లమ్మ తెల్లవార్లూ వచ్చేస్తాడు వచ్చేస్తాడు అని చెప్పిందట. ఆయన రాలేదు. ఆ తర్వాత తనకి జ్వరమొస్తే, తగ్గిపోతుందే అని వాళ్లమ్మ అన్నా నమ్మేది కాదట ఆవిడ."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చిన్నపిల్లవి. అలాంటివి పిల్లలకి చెప్తారా ఎవరైనా?"

"మరి నువ్వు చెప్పింది కరెక్టా, ఆవిడ చెప్పింది కరెక్టా?"

"మీ నాన్న వచ్చారా లేదా? ఇంకేం కావాలే నీకు?"

ఫోన్ పెట్టేశాక నా అయోమయం ఇంకా పెరిగింది. నాన్న ఆ రోజు రాకపోయి ఉంటే, నేనూ మా అమ్మ మాట ఇంకెప్పుడూ నమ్మేదాన్ని కాదేమో. కానీ ఆ చీకట్లో బామ్మ మాట వింటూ అలా కూర్చోగలిగింది అమ్మ ఒళ్లో ఉన్నందుకే కదా. ఏమీ కాదు అనే మనిషి వెనక ఉంటేనే, తెలియదు అనే మాట వినే ధైర్యం వచ్చిందేమో. అప్పుడు అక్కడ ఇద్దరున్నారు. ఇప్పుడు నా పిల్లలకి ఆ ఇద్దరి పనీ నేనొక్కదాన్నే చేయాలి. ఎలా చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. బామ్మ మనవరాలికి ఇంగ్లీషులో రాసే ముందు ఇలా తెలుగులో రాసుకుంటే తేలుతుందేమోనని కూర్చున్నాను. ఒక్కటి మాత్రం తేలింది. ఆవిడ జీవితంలో ఏమీ జరగలేదన్న మాట నిజం కాదు. అది రాస్తాను.

ఈ పొద్దున పిల్లలు పాలల్లో సీరియల్ వేసుకుని తింటున్నారు. మా అమ్మాయి మళ్లీ అదే అడిగింది. నాన్న వస్తాడని నీకెలా తెలుసు? నేను పాలడబ్బా పక్కనపెట్టి, వాళ్ల ఎదురుగా కూర్చుని చెప్పాను:

"నాకు తెలియదు. రావాలని చాలా గట్టిగా అనుకున్నాను. ఎంత గట్టిగానంటే, అది తెలిసినట్టే నోట్లోంచి వచ్చేసింది. ఇంకోసారి అడిగితే, తెలిసింది తెలుసని చెప్తాను, అనుకుంటున్నది అనుకుంటున్నానని చెప్తాను. రెండూ చెప్తాను. మీరు నా ఒళ్లో కూర్చుని వినండి."

"ఇప్పుడు నాన్న ఎక్కడ?" అన్నాడు చిన్నాడు, ఎందుకైనా మంచిదని.

"పైన. గురక పెడుతున్నాడు, విను. వెళ్లి లేపండి."