ఇస్పేటు రాజుని వెనక్కి పిలిచిన వేళ

ఒక్క ముక్కతో మా మావగారి ఆరేళ్ల ఆశని ఎలా తగలబెట్టానో చెబుతాను. గుణదలలో మా చుట్టాలంతా ఇప్పటికే విన్నారు. కొందరు తిరిగి నాకే చెప్పారు. ఇక మీరొక్కరే మిగిలారు, ఓపిక చేసుకోండి.

మావగారు ఇన్నయ్యగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. క్లబ్బు వాళ్ల బ్రిడ్జి పేకాట పోటీలో ఆరుసార్లు ఫైనల్‌కి వెళ్లి ఆరుసార్లూ ఓడారు. ఏడోసారి ఆయన జోడీకి మోకాలి ఆపరేషనైంది. కొత్తల్లుణ్ణి, పైగా లెక్కల లెక్చరర్ని కదా అని నన్ను కూర్చోబెట్టారు. అప్పట్లో నాకు తెలివికన్నా దాని మీద నమ్మకం ఎక్కువ.

ఫైనల్లో రెండు ట్రిక్కులు, తలో ముక్కా వేసే పట్లు, మిగిలాయి. ఒక్కటి గెలిస్తే కప్పు మాదే. మావగారు డమ్మీ. అంటే తన ముక్కలు బల్ల మీద పరిచి, నోరు మూసుకుని, నేను చెప్పింది వెయ్యాలి. మామని అల్లుడి చేతిలో ఇలా పెట్టే ఆట ఇంకోటి లేదండి. ఆయన ముందు ఇస్పేటు రాజు, జాకీ ఉన్నాయి. నేను రెండు నిమిషాలు ఆలోచించి, "రాజు" అన్నాను.

కుడిపక్క రిటైర్డ్ తహసీల్దారుగారి మొహం పెళ్లిపందిరిలా వెలిగింది. ఆసు ఆయన దగ్గరుందన్నమాట. జాకీ వేసుంటే ఆసు దానికి ఖర్చయ్యేది, రాజు మాకు మిగిలేది.

"కాదు కాదు, జాకీ" అన్నాను.

"వేసిన ముక్క వేసినట్టేనండీ" అన్నారాయన.

రిఫరీ సుశీలగారు వచ్చారు. "నోరు జారి ఒకటనబోయి ఇంకోటంటే వెంటనే మార్చుకోవచ్చండీ. మనసు మారితే కుదరదు. మీది నోరు జారడమేనా?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. బ్రిడ్జిలో నోరు జారినా తీసుకోవచ్చు, బుర్ర జారితేనే దిక్కు లేదు. మావగారు కళ్లతోనే నన్ను బతిమాలుతున్నారు. కానీ లెక్కల మాస్టారికి నోరు జారిందంటే పరువేం కావాలి?

"లేదండీ. బాగా ఆలోచించే రాజు అన్నాను. ఇప్పుడు ఇంకా బాగా ఆలోచించాను."

రాజు ఆసుకి బలి. ఆఖరి ట్రిక్కులో జాకీ రాణికి బలి.

ఇంటికొచ్చాక మావగారు మా ఆవిడ స్టెల్లాతో నీరసంగా అన్నారు: "కప్పు పోయిందమ్మా. పోనీలే, మీ ఆయన అబద్ధమాడని మనిషి. అది చాలు."

అక్కడైనా నేను ఊరుకోవాల్సింది.

"అబద్ధం మాటెందుకు మావయ్యగారూ, అసలు నాకు నోరెప్పుడైనా జారుతుందా?" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి లోపలికెళ్లిపోయారు.

మరుసటేడు ఆయన జోడీ స్టెల్లా. కప్పొచ్చింది. ఆ పై ఏడూ వచ్చింది. ఆదివారం ఆదివారం వాటిని తుడిచేది నేనే. ఆ రెండు కప్పుల మీదా చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ తప్పు చేసినా, ఆలోచించకుండానే చేశానని ఒప్పుకుంటాను.