పిన్ని చూసిన పగడాలు

మా పిన్ని తెనాలి నుంచి రోజూ రైల్లో రేపల్లె వెళ్లి బడిలో సైన్సు చెప్పేది. పగడాల పాఠం వచ్చిందంటే బోర్డు నిండా రంగు సుద్దలతో బొమ్మలు వేసేది. రిటైరయ్యాక మతిమరుపు జబ్బు పట్టుకుంది. అది ముదరకముందే ఆమెకు నిజం పగడాలు చూపించాలని బాబాయి అండమాన్ దీవులు తిరిగే చిన్న ఓడకు టికెట్లు తీశాడు. సాయంగా బాపట్ల నుంచి నన్నూ రమ్మన్నాడు.

ఓడవాళ్లు పొద్దున పక్షుల్ని చూపించడానికి దీవుల్లో నడిపించేవాళ్లు, ఎండ తగ్గాక రబ్బరు పడవల్లో తిప్పేవాళ్లు. ఏ పడవ ఎక్కినా పిన్ని చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, "రేపల్లె వచ్చిందా?" అని అడిగేది.

"వస్తుందిలే," అనేవాడు బాబాయి.

చివరిరోజు అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించారు. కాళ్ల కింద పగడాలు కనబడగానే పిన్ని ముందుకు వంగింది.

"ఇవి రాళ్లు కావండి, ప్రాణమున్నవి," అంది, అచ్చం క్లాసులో చెప్పినట్టు.

బాబాయి మొహం వెలిగింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

పిన్ని మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుంది. "మావారు కూడా వచ్చుంటే బాగుండేదండి. ఆయనకి ఇవన్నీ చూపించాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను."

బాబాయి నా వంక చూశాడు.

"నేను చెబుతానండి ఆయనకి," అన్నాడు.