ఆస్పెన్ చుట్టూ నూటెనిమిది

దెయ్యాల కబుర్లు మొదలవగానే లేచి టీ పెట్టుకోవడానికి పోయే రకం నేను. దేవుడి సంగతీ అంతే. ఉంటే ఉన్నాడు, లేకపోతే లేడు, నా జోలికి రానంతవరకు నాకేం ఇబ్బంది లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. పొరపాటు ఎక్కడుందో వెతకడమే నాకు తిండి పెడుతోంది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా అలాగే ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు.

అది 2020 అక్టోబర్ నెలాఖరు. డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉంటున్నాం. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని ఆంక్షలు. ఆ ఐదు కిలోమీటర్ల లోపలే నది ఒడ్డున ఒక పార్కు, పార్కు చివర విడిగా ఒక ఆస్పెన్ చెట్టు. చలి మొదలయ్యే రోజుల్లో దాని ఆకులన్నీ పసుపు ముద్దల్లా మారతాయి. గాలి ఏ కాస్త వీచినా గడగడ వణుకుతాయి. రోజూ వెళ్ళి ఫొటోలు తీసేవాణ్ణి. అంతకుమించి వెళ్ళడానికి చోటు లేదు.

మా బావకు హనుమకొండలో ఫొటో స్టూడియో. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. మెచ్చుకోవడం ఆయన ఇంటా వంటా లేదు. ఆస్పెన్ ఫొటో పంపితే, "ఆకులన్నీ ఊగినయి రా. ఒక్కటన్న నిలవెట్టి తియ్యి," అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. అక్క మాత్రం, "అక్కడ గూడ రావిచెట్టు ఉన్నదా తమ్మీ?" అని మురిసిపోయింది. ఆకులు అలా వణకడం చూసి రావి అనుకుంది. ఇప్పుడెవరు వివరిస్తారులే అని ఊరుకున్నాను.

తర్వాతి వారమే ఇద్దరికీ కరోనా వచ్చింది. అక్క ఇంట్లోనే ఒక గదిలో, బావ హైదరాబాద్‌లో వెంటిలేటర్ మీద. ఎలాగో టికెట్ సంపాదించి వెళ్దామన్నా ఐసీయూ లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. రోజుకొకసారి డాక్టర్ ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతుందో చెప్పేవాడు. నాలుగో రోజు అదీ చెప్పలేదు. "ఆశ పెట్టుకోకండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఏడవడం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"తమ్మీ, నన్ను గది దాటనిస్తలేరు. నా బదులు నువ్వు తిరుగు. ఆ రావిచెట్టు చుట్టూ నూటెనిమిది. చెప్పులు ఇడిసి తిరుగాలె. ఒక్కటి గూడ తక్కువ కావద్దు."

"అట్లనే అక్కా" అన్నాను. అది రావి కాదని చెప్పడానికి నోరు రాలేదు.

మూడింటికి పార్కుకు వెళ్ళాను. లెక్క తప్పకుండా ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, రిమోట్ జేబులో వేసుకున్నాను. చుట్టు పూర్తవగానే ఒక్క నొక్కు, ఒక్క ఫొటో. బూట్లు, సాక్సు విప్పి మొదలుపెట్టాను. బురద, తడి ఆకులు, ఎముకలు కొరికే చలి. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ దూరంగా ఆగి, "ఆర్ యూ గ్రాండ్, లవ్?" అంది, బాగానే ఉన్నావా నాయనా అన్నట్టు. గ్రాండే అన్నాను. నా మొహం గ్రాండు! దేవుణ్ణి ఏమని పిలవాలో తెలియక, "బావను ఇడిసిపెట్టు, బావను ఇడిసిపెట్టు" అని చెట్టునే బతిమాలుతూ తిరిగాను.

నలభై మూడో చుట్టుకు కాళ్ళు మొద్దుబారిపోయాయి. పది నిమిషాలు వెచ్చబెట్టుకుందామని, కెమెరా చెట్టు దగ్గరే వదిలి, వెళ్ళి కారులో కూర్చుని హీటర్ వేశాను. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. కళ్ళు మూతపడ్డాయి.

లేచేసరికి చీకటి పడుతోంది, పార్కు గేటు మూసే వేళయింది. పరుగున వెళ్ళి కెమెరా తెచ్చుకున్నాను. ఫోన్‌లో అక్క మెసేజ్: "అయినయా?"

"అయినయి అక్కా, నూటెనిమిది" అని కొట్టాను.

తెల్లవారకముందే బావ పోయాడు. అంత్యక్రియలు ఫోన్‌లో చూశాను. ఎవరో నలుగురు ప్లాస్టిక్ బట్టలు వేసుకుని కానిచ్చేశారు.

వారం తర్వాత కెమెరా కార్డు తీసి చూశాను. నలభై మూడు ఫొటోలు ఉండాలి. నూటెనిమిది ఉన్నాయి.

మొదటి నలభై మూడు నేను తీసినవే. మబ్బు వెలుతురు కాబట్టి షట్టర్ అర సెకను తెరిచి ఉండేలా పెట్టాను, ఆకులన్నీ అలుక్కుపోయాయి. మిగతా అరవై ఐదుకూ అదే సెట్టింగు. కానీ ఒక్క ఆకు కూడా కదల్లేదు, ఈనెలు కూడా లెక్కపెట్టవచ్చు. ఏ ఫొటోలోనూ మనిషి లేడు. చెట్టు చుట్టూ నేను తొక్కిన దారి మాత్రం ఒక్కో ఫొటోకు ఇంకాస్త నలిగి కనిపిస్తోంది. వాటి మీద ఉన్న సమయమంతా నేను నిద్రపోయిన సమయమే.

నిద్రలో రిమోట్ నొక్కానేమోనని మళ్ళీ వెళ్ళి చూశాను. కారు దగ్గర్నుంచి అది పనిచేయదు. సగం దూరం దగ్గరికి వచ్చినా పనిచేయలేదు. కార్డు మార్చి చూశాను. ఏమీ తేలలేదు.

నిజం చెప్పాలంటే ఫొటోలు చూసి భయపడే తీరిక కూడా నాకు లేదు. నేను ఎగ్గొట్టిన ఆ అరవై ఐదు చుట్లే నా గొంతు పట్టుకున్నాయి. నమ్మకం లేనివాడికి పాపభయం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా తిండి సయించలేదు. బావను నేనే చంపుకున్నాననిపించేది. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ప్రయాణాలు మొదలయ్యాక హనుమకొండ వెళ్ళాను. ఆ ఫొటోలున్న ల్యాప్‌టాప్ ఇంకా సంచిలోంచి తీయనే లేదు. వంటింట్లో అక్క బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"అక్కా, నేను అన్ని చుట్లు తిరుగలే. నీకు అబద్ధం చెప్పిన. అది రావిచెట్టు గూడ కాదు."

అక్క చేట పక్కన పెట్టింది.

"నాకెరుకే. నలభై మూడు అయినంక నీతోని కాలే. మిగిలినయి గదిల కుర్సీ చుట్టు నేను తిరిగిన. అరవై ఐదు. ఒక్కటి గూడ తక్కువ వడలే తమ్మీ. ఆయన పోవుడు నీ మీద ఏసుకోకు."

"మరి అయినయా అని ఎందుకడిగినవే?" అన్నాను.

"సప్పుడు చేస్తలేవు. నువ్వు బతికున్నవా లేదా అని."

ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. అడిగితే, "ఏమో, తెల్సింది" అంది. ఆ ఫొటోలు ఎవరు తీశారో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు మాత్రం బియ్యం చేట పక్కనే అక్క ఒడిలో తల పెట్టుకుని, బావ పోయాక మొదటిసారి బిగ్గరగా ఏడ్చాను.