ముందు ఆ ఇంట్లో నీళ్ళు తాగి రా

మొన్న మా రాయ్‌పూర్ తెలీబంధాలో కొత్తగా దిగిన ఒక కుటుంబాన్ని పలకరించడానికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. ఆ ఇంటి కోడలు ఫ్రిజ్ జోలికి పోకుండా, వంటింటి మూల ఇసుకలో కూర్చోబెట్టిన మట్కాలోంచి నీళ్ళు ముంచి తెచ్చింది. కొత్త కుండ. నీళ్ళలో ఇంకా మట్టి వాసన పోలేదు. ఆ వాసన తగలగానే రూతమ్మగారి గొంతు నా చెవిలో ఖంగుమంది: "తాగావా? ఇప్పుడు చెప్పు, ఏం చెప్పాలో." ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. రాయ్‌పూర్‌లో ఇప్పుడున్న తెలుగువాళ్ళలో చాలామంది ఆవిడని చూసి ఉండరు. చూడనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

రూతమ్మగారిది భీమిలి. నేను పెళ్ళి చేసుకుని కాకినాడ నుంచి ఈ ఊరొచ్చి నర్సుగా చేరిన ఆసుపత్రిలో ఆవిడ హెడ్ నర్సు. పొట్టి మనిషి, నడక మాత్రం పెద్దది; వెనకాల మేం పరుగెత్తాల్సొచ్చేది. చేరిన కొత్తల్లో ఒక పొద్దున్న డ్యూటీ అప్పగిస్తూ, "మూడో మంచం తాగుబోతు, అయిదో మంచం గయ్యాళి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తాగుబోతు అనే జబ్బు నేను చదువుకోలేదే ప్రమీలా. మీ కాకినాడలో చెప్పారా? ఆయనకి జ్వరం ఎంతుందో అది చెప్పు" అంది. తరవాత, "అయిదో మంచం ఆవిడ ఎందుకు అరుస్తోందో అడిగావా?" అంది. అడగలేదన్నాను. "మరి గయ్యాళని ఎలా తెలిసింది?" "అరుస్తోంది కదండీ!" "పసిపిల్లలూ అరుస్తారు. వాళ్ళనీ గయ్యాళులే అందామా? జా, పూఛ్‌కే ఆ" అని, అడిగి రమ్మంటూ నన్ను వెనక్కి తరిమింది. వెళ్ళి అడిగాను. నడుం కింద దుప్పటి ముడత పడి ఒరుసుకుపోతోందట, పక్కకి తిరగలేకపోతోందట. దుప్పటి సర్దాను, అరుపు ఆగింది.

అయినా నేను ఒక్కరోజుతో మారే ఘటాన్ని కాను. మనిషి కనబడగానే తూకం వేసి ధర కట్టెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "దీని నోటికి తాళం వేసే మొగుడు దొరకాలి" అనేది మా అమ్మ. దొరికినాయన భన్‌పురిలో ఒక చిన్న ఇనుప కార్ఖానాలో పని చేసేవాడు, పొద్దు వాలేసరికి బీర్‌గావ్‌లో సారా తాగుతూ ఉండేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపుని చూసి చూసి నా మనసు రాయైపోయింది. ఆయన్ని ఏమీ అనలేక ఊళ్ళో వాళ్ళందర్నీ అనేదాన్నేమో, ఇప్పుడు ఆలోచిస్తే అలా అనిపిస్తుంది.

ప్రతి బుధవారం సాయంత్రం మా తెలుగు ఆడవాళ్ళం వంతులవారీగా ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. పాటలయ్యాక మనవులు చెప్పుకోవాలి. ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి ప్రయాణం ఉంది, ఇలాంటివి. కానీ అసలు రుచి వేరే మనవుల్లో ఉండేది. "ఫలానా వాళ్ళబ్బాయి తిరుగుళ్ళు మరిగాడు, దేవుడు వాడి మనసు మార్చాలి." "ఫలానా ఆవిడ అత్తగారికి అన్నం పెట్టడం లేదట, పాపం, ప్రార్థించండి." దేవుడి పేరుతో ఆడిపోసుకోవడంలో ఉన్న సుఖం వీధి అరుగు మీద కూడా దొరకదు. అందులో నాది ఎప్పుడూ మొదటి వరసే. చివర్లో మాత్రం గొంతు తగ్గించి "మా ఆయన తాగుడు" అనేదాన్ని. అందరూ నాలుక చప్పరించేవారు. నాకు అదో ఓదార్పు.

ఒక బుధవారం రూతమ్మగారు బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. మరి తినని ఇంటి వాసాలు లెక్కపెట్టొచ్చా? ఇవాళ్టి నుంచి ఒకటే కాయిదా. ఎవరి తప్పునైనా మనవిగా చెప్పాలంటే, ముందు ఆ ఇంటికెళ్ళి నీళ్ళు తాగి రండి. తాగని ఇంటి పేరు ఇక్కడ ఎత్తొద్దు, బస్." ఆ పైవారం మనవులు చెప్పమంటే ఒక్క ఇంటి పేరూ ఎవరూ ఎత్తలేదు. చివరికి ఎవరో తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పుకున్నారు.

ఈ నియమానికి అసలు పరీక్ష సుందరమ్మతో వచ్చింది. సుందరమ్మది శ్రీకాకుళం వైపు. భర్త పోయాక బీర్‌గావ్‌లో కార్ఖానా కూలీలకి ఇప్పపువ్వు సారా, ఇక్కడివాళ్ళు మహువా అంటారు, కాచి పోసేది. ఆదివారం ప్రార్థనకి మా గుడికొచ్చి ఆఖరి చాప మీద కూర్చుని, ఎవరూ పలకరించకముందే వెళ్ళిపోయేది. ఆవిడ రూతమ్మగారిని ఒక కోరిక అడిగింది. కూతురు లిల్లీకి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది, హాస్టలుకి వెళ్ళబోతోంది. పిల్ల వెళ్ళేముందు ఒక్క బుధవారం ప్రార్థన తన ఇంట్లో పెట్టమని. అందరికంటే ముందు నేను లేచాను. "ఆ ఇంటి గడప నేను తొక్కను. మా ఆయన తాగేది అక్కడే" అన్నాను. తక్కినవాళ్ళు కూడా తలలూపారు. మేం వెళ్ళకపోతే ఆ పిల్ల ఊరందరి ముందూ వెలిపడ్డట్టే పోవాలి. రూతమ్మగారు వాదించలేదు. "కాదనే హక్కు నీకుంది ప్రమీలా, అందరికంటే ఎక్కువుంది. నీళ్ళు తాగొచ్చి కాదను. నువ్వు కాదంటే నేనూ కాదంటాను" అంది.

కాదనడానికే వెళ్ళాను. మధ్యాహ్నం టెంపో దిగి ఆ రేకుల ఇల్లు వెతుక్కున్నాను. పెరట్లో మసిబారిన కుండలు, పుల్లటి వాసన. నా భర్త ఒంటి మీద ఏళ్ళ తరబడి పీల్చిన వాసన అది. సుందరమ్మ నన్ను చూసి నిలబడిపోయింది. "నువ్వు సిస్టరమ్మవి గదా. కూకో తల్లీ. ఏటిలా వొచ్చినావు?" అంది. "నీళ్ళు తాగుదామని వచ్చాను" అన్నాను. అంతకుమించి అబద్ధం తట్టలేదు.

ఆవిడ గుమ్మం పక్కన బోర్లించిన గ్లాసుల్లోంచి ఒకటి తీసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. లోపలికెళ్ళి, హాస్టలు కోసం సర్దిన ట్రంకుపెట్టె తెరిచి, అడుగునుంచి స్టీలు గ్లాసు తీసింది. దాని మీద లిల్లీ అని పేరు కొట్టించి ఉంది. బూడిదతో తోమి, కడిగి, మట్కా నీళ్ళు పోసి ఇచ్చింది. "ఆటితో నీకివ్వనమ్మా. అవి మీ ఆయన తాగే గలాసులు" అంది.

ఒళ్ళు మండిపోయింది. "మరి ఎందుకు పోస్తున్నావు ఆయనకి?" అన్నాను. "నాను పొయ్యకపోతే ఇంకోడు పోస్తాడని సెప్పీగల్ను. అది దొంగమాట. పిల్ల సదువు కోసరం పోసినాను. పాపమే. దేవుడికి నానే సెప్పుకుంతాను." చెంగు తీసి చేతులు తుడుచుకుంటూ ఉంటే చూశాను, రెండు ముంజేతుల మీదా కాలిన మచ్చలు. చెంగు దోపుకుని, "నీ పెనివిటి ఏటంతాడో తెల్సా? ఇంటికెళ్ళాలంటే బయమేస్తాది సుందరమ్మా, మా ఆవిడ ఏటీ అన్దు, సూస్తాది, అంతాడు" అంది. తాగేవాడికి వంకలు కరువా అనుకున్నాను. గ్లాసు ఖాళీ చేశాను. "ఇంకొంచెం పొయ్యనా తల్లీ?" అంది సుందరమ్మ. పొయ్యమన్నాను.

తిరిగొచ్చి రూతమ్మగారితో అన్నాను: "విన్నదంతా నిజమేనండీ. సారా కాస్తోంది, మా ఆయనకి పోస్తోంది, దాచలేదు కూడా." "నిజమా కాదా కనుక్కోమని నిన్ను పంపలేదే. నీళ్ళు తాగి రమ్మన్నాను" అంది ఆవిడ. "తప్పు చెయ్యలేదని తేలితే జాలితో పనేముంది? న్యాయం చాలు. తప్పు ఉన్నచోటే జాలికి పని. ఇప్పుడు చెప్పు, కాదంటావా?" ఆ బుధవారం సుందరమ్మ ఇంట్లో చాపలు చాలక గోనెపట్టాలు పరిచారు. ఆవిడ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. మనవి చెప్పమంటే నాకు "సుందరమ్మ" అన్న పేరు తప్ప మాట పెగల్లేదు. "పేరు చాలు" అంది రూతమ్మగారు. సుందరమ్మ వెంటనే సారా మానేసిందని రాస్తే కథ అందంగా ఉంటుంది గానీ, లిల్లీకి ఉద్యోగం వచ్చేదాకా మానలేదు.

ఆ పైవారం నేను ఎప్పటిలాగే గొంతు తగ్గించి, "మా ఆయన తాగుడు" అన్నాను. రూతమ్మగారు ప్రార్థన అయ్యాక చెప్పులు తొడుక్కునేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ ఇంట్లో నీళ్ళు తాగావా అమ్మా?" అంది. మొదట అర్థం కాలేదు. దారంతా నడిచాక అర్థమైంది. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన చేత్తో ఏదైనా ఇమ్మని అడిగి ఎన్నాళ్ళైందో గుర్తే రాలేదు.

ఆదివారం పొద్దున్న ఆయన తేరుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "కాసిని నీళ్ళిస్తారా?" అన్నాను. ఇంకెవరినో అడిగాననుకుని వెనక్కి చూశాడు. లేచి మట్కాలోంచి ముంచి, వణుకుతున్న రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. సగం దారిలోనే ఒలికిపోయింది. అప్పుడే మార్చిన కుండ, మట్టి వాసన. మిగిలింది తాగాను. ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపి నిలబడి, "ఇంకొంచెం తేనా?" అన్నాడు. ఆయన మొహాన్ని నేను అప్పుడు చూశాను. అది తాగుబోతు మొహం కాదు, భయపడి ఉన్న మనిషి మొహం. ఆయన మానడానికి ఏళ్ళు పట్టింది, మానాక కూడా జారాడు. జాలిపడ్డానని నేను లోకువ కాలేదు; జీతం చేతికిచ్చేదాకా అన్నం వడ్డించని రోజులూ ఉన్నాయి. కానీ ప్రార్థనలో ఆ తరవాత ఆయన పేరే చెప్పాను, తాగుడు మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆయనకి పని లేదు, తాగుడూ లేదు. నా నోరు మాత్రం పాతదే. మొన్న తెలీబంధా నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "ఆ ఇంటాయన ఉన్నాడే, వట్టి..." అని మొదలుపెట్టాను. మా ఆయన మట్కా దగ్గరికి నడిచి గ్లాసు ముంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. చెయ్యి వణకలేదు. "ముందు తాగు" అన్నాడు. తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేసరికి చెప్పాలనుకున్నదాంట్లో ఆ మనిషి పేరే మిగిలింది.