నీలం తలుపున్న కొబ్బరితోట

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో కనిపించినదేదైనా ఏటి నీళ్లలాంటిదని, బిందె ఉన్నవాడెవడైనా ముంచుకోవచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (నా దగ్గర బిందె ఉండేది. డిగ్రీ తప్పి, అమలాపురంలో ఒక నెట్ సెంటర్లో డీటీపీ పనికి కొత్తగా చేరాను.) మలికిపురం దగ్గర కొబ్బరి వ్యాపారం చేసే మా మావయ్యకి దళారుల మీద విరక్తి పుట్టి, పై రాష్ట్రాల వాళ్లకి తానే నేరుగా కాయ అమ్మాలని పట్టుదల వచ్చింది. అందుకో రంగుల కరపత్రం కావాలన్నాడు. అరువు కెమెరా తీసుకెళ్లి ఆయన తోటనే ఫొటోలు తీశాను. అప్పట్లో మా వైపు తోటలకి నల్లి తెగులు పట్టి, కాయల మీద గోధుమరంగు మచ్చలు, పగుళ్లు ఉండేవి. మావయ్య ఆ ఫొటోలు చూసి మొహం చిట్లించి, "నెట్టులో నున్నటి కాయలుంటాయి కదరా, అవి పెట్టు" అన్నాడు. కోనసీమలో కూర్చుని కొబ్బరిచెట్టు బొమ్మ కోసం కంప్యూటర్లో వెతికిన మొదటి మనిషిని బహుశా నేనే. బొమ్మ పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగింది. నిండు గెలలు, పక్కనే మోటారు షెడ్డు, దానికి నీలం తలుపు. కింద మూలన ఇంగ్లీషులో ఎవరిదో పేరుంది. మావయ్య ఫోన్ నంబరుని తెల్ల పట్టీ మీద వేసి, సరిగ్గా ఆ పేరు మీద అతికించాను. పనితనమంటే ఇదీ అని మురిసిపోయాను కూడా.

కరపత్రాలు లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్లాయి. కొన్నాళ్లకి కోయంబత్తూరు వైపునుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. (అటు తెలుగువాళ్లు ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.) సరుకు కావాలిగానీ ముందు బొమ్మలో ఉన్న తోట చూడాలి, ఎల్లుండి వస్తున్నాను అన్నాడు. మావయ్యకి అన్నం సయించలేదు. దళారులకి ఇవ్వనని తెగేసి చెప్పి, ఆ దింపులో కోసిన కాయంతా తోటలోనే రాశి పోయించాడాయె. ఈయన కాదంటే మళ్లీ వాళ్ల గుమ్మంలోనే వెళ్లి నిలబడాలి. నాకేమో ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. చివరికి మావయ్యే తేరుకుని, చెట్లు ఎక్కడైనా చెట్లేనని, ఎత్తున ఉన్న కాయల మచ్చలు కిందికి కనపడవని, తేడా అల్లా తలుపేనని తేల్చాడు. రాశి మీద కొబ్బరి మట్టలు కప్పించి, మోటారు షెడ్డు తలుపుకి నీలం రంగు కొట్టించాడు. మా గోదావరి తేమలో రంగు ఎప్పటికి ఆరుతుందో ఇద్దరం ఆలోచించలేదు.

పెద్దమనిషి వచ్చాడు. కరపత్రం చేత్తో పట్టుకుని, ఒక్కో చెట్టూ చూస్తూ తోటంతా తిరిగాడు. ఇదే తోటా అని అడిగితే మావయ్య "ఆయ్, ఇదేనండీ" అన్నాడు, చెట్ల పైకి చూస్తూ. ఆయన షెడ్డు దగ్గర ఆగి తలుపు మీద చెయ్యి ఆనించాడు. తీసేసరికి అరచెయ్యంతా నీలం. ఆయన చెయ్యి తుడుచుకోలేదు.

"మా తలుపుకి రంగు వేసి పదేళ్లయిందండీ" అన్నాడు నెమ్మదిగా.

మాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన కరపత్రం విప్పి, ఆ నీలం వేలు ఫోన్ నంబరు మీద పెట్టాడు. "ఇది మా తోట. ఫొటో తీసింది మా అమ్మాయి. దీని కింద దాని పేరుండాలి. మీరు పేరు మీద నంబరు వేశారు కాబట్టి, ఆ నంబరుకే ఫోన్ చేశాను."

మావయ్య నన్ను చూశాడు. నేను నేల చూశాను. ఎవరికీ తల వంచని మావయ్య చేతులు కట్టుకుని, "తప్పయిపోయిందండీ. మా కాయ మొహం బాగోలేదని మీది పెట్టేం" అన్నాడు. ఆయన ఒక మచ్చల కాయ తెమ్మన్నాడు. మట్టలు తీసి తెచ్చి కొట్టి ఇచ్చాం. ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"ఇంత మందం కొబ్బరి పెట్టుకుని, మీ కాయ మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ?"

మిగిలిన కరపత్రాలన్నీ చింపేస్తామని, అమ్మాయికి క్షమాపణ రాస్తామని మాట తీసుకుని, ఒక లారీ సరుక్కి ఒప్పుకున్నాడు. ఆ తరవాత సంచిలోంచి కెమెరా తీసి, "మీ తోట ఫొటో ఒకటి తీసుకోవచ్చా అండీ?" అని అడిగాడు. మావయ్య కంగారుగా చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు.

ఆ ఫొటో కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. మచ్చల గెల పట్టుకుని మావయ్య, ఓ వారగా సన్నటి కుర్రాడు, చుట్టూ ఆకాశం కనపడనంత కొబ్బరి. ఇంత తోటలో నిలబడి ఎవరి తోటో దించుకొచ్చావేమిట్రా అని వాణ్ణి అడగాలనిపిస్తుంది, నవ్వొస్తుంది. నిజానికి ఆ వేళ నేను చెట్టు చాటుకి తప్పుకోబోయాను. పెద్దమనిషి కెమెరా దించి, "నువ్వూ పడుతున్నావు బాబూ, తీయొచ్చా?" అని నన్ను కూడా అడిగాడు.