కుళ్లుకుంటూ కొత్తకోటకు: చెల్లెలి వాక్యం విన్న రోజు

చౌటుప్పల్‌లో మా ఆడవాళ్ల ప్రార్థనకు ఏళ్లుగా బైబిల్ వాక్యం చెప్పేది నేనే. అలాంటిది ఈ మధ్య మా వాళ్లే, "మీ చెల్లె సునీత చెప్తే మనసు మారుతదంట గద టీచరమ్మా" అనడం మొదలుపెట్టారు. సునీత కూడా నాలాగే టీచరు, కొత్తకోటలో. నెలనెలా రెండో శనివారం దాని ఇంట్లో ప్రార్థన. కూలి చేసి బాపు మా ఇద్దరినీ ఒకలాగే చదివించాడు. వాక్యం చదవడం మాత్రం దానికి నేర్పింది నేనే. నిజం చెప్పాలంటే, వినడానికి కాదు, తప్పు పట్టడానికే బయలుదేరాను.

రెండో శనివారం పొద్దున్నే ఎల్బీనగర్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆరాంఘర్ చేరి, వనపర్తి ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. జడ్చర్ల దాటి కొత్తకోటలో దిగేసరికి పదకొండు కావస్తోంది. "సునీత మేడం ప్రార్థనకా? ఎక్కుండ్రి. నేను గూడ పోయిన. మా ఇంట్ల కొట్లాట జర తగ్గింది," అన్నాడు ఆటో అతను. ఇరవై రూపాయలిచ్చి దిగాను. లోపల భగ్గుమంది.

సునీత ఇల్లు జనంతో నిండిపోయింది. సునీత లోపలికి రమ్మన్నా, గాలి వస్తుందని వాకిట్లోనే కూర్చున్నాను. అది మొదలుపెట్టింది: "యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల కథ మనకెర్కనే. గా ఇద్దరు ఏడనో లేరు, మన లోపటనే ఉన్నరు. తప్పిపోయి తిరిగొచ్చిన చిన్నోడు మనలోనే, తమ్మునికి తండ్రి విందు చేస్తే ఓర్వక వాకిట్ల నిలబడ్డ పెద్దోడు మనలోనే. చిన్నప్పుడు మా అక్క వాక్యం చదివితే అందరు మెచ్చుకుంటుండిరి. నాకు కడుపు మండేది. పెద్దోడు లోపటికొచ్చిండా లేదా, వాక్యంల లేదు. గా లోపటికొచ్చుడు మనం చెయ్యాలె."

నా ఒళ్లు మండిపోయింది. ఆ కుళ్లు నాది. దాన్ని కూడా పదిమందిలో నాకంటే ముందు చెప్పేసి మెప్పు కొట్టేసింది!

అక్కడ వాక్యం చెప్పినవాళ్లే వడ్డించాలి, అందరూ కూర్చున్నాకే మొదటి గరిటె. సునీత బగారా అన్నం గిన్నె పట్టుకుని నా వైపు చూసింది. "కూసో అక్కా."

"బస్సుకు టైమైతాంది, మీరు కానియ్యుండ్రి."

"నువ్వు కూసోకుంటె ఎట్ల వడ్డియ్యాలె?"

విస్తళ్ల ముందున్న అందరూ నన్నే చూస్తున్నారు. ఒక అవ్వ ఆగలేకపోయింది: "ఆకలైతాంది బిడ్డా, జర రారాదు!" చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

కుళ్లు పోయిందా? లేదు. సునీత నా విస్తరిలో కోడికూర వేస్తుంటే, అంత బాగా చెప్పిందే అని ఇంకా మండుతూనే ఉంది. ఇన్నేళ్లూ ఆ కథను ఎవరికి బుద్ధి చెప్పాలా అనే చదివాను. ముందు మనసు మారాలి, తర్వాతే లోపలికి అడుగు పెట్టాలని బోధించాను. నేను మాత్రం మారకుండానే వెళ్లాను. దాని పక్కన కూర్చుని తింటుంటే మంట కొంచెం తగ్గింది, అంతే. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: తిరుగు బస్సు మూడు దాటాకే చూసుకోండి. మీరు కూర్చోకపోతే అక్కడ ఎవరూ తినరు.